ఆకు వెనక వైపు

పోయిన నెల ఒక ఆదివారం మా కోడలు పాలకూర పప్పు కలుపుకుని తింటూ తింటూ సగంలో ఆగిపోయింది. మంచి పిల్ల, అరవలేదు, కంచం తోసెయ్యలేదు. ఏదో అంచుకు జరిపి, "అత్తయ్యా, ఆకు మీరే కదా ఏరింది?" అని మాత్రం అడిగింది. నేనే ఏరాను. మిద్దె మీద కుండీల్లో తను ముద్దుగా పెంచుకుంటున్న పాలకూర అది. కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని, ఆకు ఆకూ తిప్పి చూసి మరీ ఏరాను. కంచం మీదికి వంగాను. పప్పు కనపడింది, ఆకు కనపడింది, అంతే. ఆ పిల్ల వేలు పెట్టి చూపించిన చోట కూడా నాకేమీ కనపడలేదు. తడిమితే తగిలింది, మెత్తగా, ఉడికిన కాడ ముక్కలాగా. పక్క గదిలోంచి మా అబ్బాయి, "పురుగా? కుండీలకు మందు కొట్టాల్సిందే, సాయంత్రం తెస్తాలే," అన్నాడు. ఆ మాటతో ఎప్పుడో పోయిన మా అవ్వ వచ్చి నా పక్కన చతికిలబడి కూర్చున్నట్టయింది.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఉదయగిరి కొండ కింద పల్లెలో పుట్టి, అక్కడే కాపురం చేసి, తాత పోయాక నాయన వెంట ఆత్మకూరు వచ్చేసింది. వస్తూ వస్తూ ఒక ట్రంకు పెట్టె, పెద్దక్షరాల బైబిలు, ఉదయగిరి చెక్క గరిటెలు తెచ్చుకుంది. నాయన బస్టాండుకు దగ్గర్లో భోజనాల హోటలు పెట్టాడు. హోటలంటే ఇప్పటి పిల్లలు అద్దాల తలుపులు ఊహించుకుంటారు. మాది రేకుల కప్పు, గోడవారన బెంచీలు, పైన ఏసుప్రభువు పటం, వెనక పొగచూరిన వంట సావిడి. బోర్డు మీద వేరే పేరు రాయించాడు గానీ, జనం నోట్లో అది అవ్వ హోటలే. బద్వేలు బస్సు ఆగినా ఉదయగిరి బస్సు ఆగినా ఒక్కసారిగా గిరాకీ వచ్చి పడేది. వంట అమ్మది, వడ్డన నాయనది, ఆకుకూర ఏరడం మాత్రం అవ్వది. ఆ పనిలో ఇంకొకరు చెయ్యి పెడితే ఊరుకునేది కాదు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాలేజీకి పోయేముందు ఆమె పక్కన కూర్చోవడం ఒకటే నాకిచ్చిన పని. పొద్దున్నే కందిపప్పు ఉడికే ఆవిరి, కట్టెల పొగ, తడి గోనెపట్టా వాసన కలిసి వచ్చే గాలి ఒకటుండేది. ఇప్పటికీ ఎక్కడైనా తడి గోనె వాసన తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి.

ఆకుకూర చేజర్ల పక్కనుంచి వచ్చేది. పెంచలయ్య అని ఒకతను, బావి కింద కాస్త నేల కౌలుకు తీసుకుని తోటకూర, చుక్కకూర, వంకాయ పండించేవాడు. తెల్లారకముందే కోసి, కట్టలు కట్టి, తడిపిన గోనెలో చుట్టి, సైకిలు మీద తెచ్చేవాడు. ఆ తడి చల్లదనానికి ఆకు వాడదు. వాడకుండా ఉండేది ఆకు ఒక్కటే కాదు, ఆకు వెనకాల ఈనె వెంట సాగిలపడి పడుకున్న పచ్చపురుగు కూడా హాయిగా ప్రయాణం చేసి వచ్చేస్తుంది. ఈనె ఏదో అది ఏదో దేవుడికే తెలియాలి. అందుకని అవ్వ కట్టలు విప్పగానే చెయ్యి వేసేది కాదు. ఆకు వెనక వైపు పైకి వచ్చేట్టు పట్టా మీద పరిచి కాసేపు వదిలేసేది. "ఊపిరాడనియ్యి. అదే లేచి నడస్తాది, నువ్వు ఎతుక్కోబన్లా," అనేది. ఆ తర్వాత ఒక్కొక్క ఆకూ తిప్పి చూడటం, ఆ తర్వాత ఉప్పు నీళ్ళు. ఉత్త నీళ్ళలో ముంచితే పురుగు ఆకును ఇంకా గట్టిగా పట్టుకుంటుందట, ఉప్పు తగిలితే వదిలేస్తుందట. వంకాయ అయితే ముచ్చిక కింద చిల్లి చూసేది, చిల్లి లేకపోయినా నమ్మేది కాదు. "ఏ పుట్టలో ఏ పాముందో, ఏ కాయలో ఏ పురుగుందో," అంటూ నీళ్ళలో ముంచి కోసేది. ఇంతా చేసి ఒక్కటి తప్పించుకుందంటే ఇక దాచడం ఎవరి తరమూ కాదు. పచ్చిగా ఉన్నంతసేపూ ఆకు రంగులో ఉండే ఆ పాడుది, ఉడికాక పాలిపోయి తెల్లగా బయటపడుతుంది. తినేవాడి చేతికే అందుతుంది.

ఇంత పట్టుదల శుభ్రం కోసమేనని నేను అనుకునేదాన్ని. ఒకరోజు విసుక్కుంటే అవ్వ అసలు సంగతి చెప్పింది. మేం ఎవరమో, ఏ పేటనుంచి వచ్చామో ఆత్మకూరులో తెలియనివాళ్ళు లేరు. ఆకలితో లోపలికి వచ్చి, గోడ మీద పటం చూసి, నీళ్ళు తాగి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. నాయన చూడనట్టు బల్ల తుడుస్తూ ఉండేవాడు. "వాళ్ళ హోటల్లో పురుగొస్తే పురుగును తిడతారు. మన హోటల్లో పురుగొస్తే మనల్ని తిడతారు. అది తెలుసుకోని ఆకు తిప్పు," అంది. ఆ తర్వాత నేను విసుక్కోలేదు. మా ఇల్లు, మా అన్నం, మా తల ఎత్తుకుని తిరగడం, అన్నీ అవ్వ చేతివేళ్ళ మీద ఆధారపడి ఉన్నాయని అర్థమైంది.

అట్లాంటి రోజుల్లో దుత్తలూరు వైపునుంచి ఒక పెద్దాయన మా దగ్గర భోజనానికి రావడం మొదలుపెట్టాడు. భూములున్న మనిషి, ఊళ్ళో మాట చెల్లే మనిషి. ఏదో పొలం తగాదా కోర్టులో ఉండి సోమవారం సోమవారం ఆత్మకూరు వచ్చేవాడు. పటం చూశాడు, చూసి కూర్చున్నాడు, కూర్చుని రెండోసారి పప్పు అడిగాడు. "ఏమవ్వా, మా ఇంట్లో తోటకూర ఇట్టా కుదరదేందీ?" అన్నాడు. అవ్వ, "మీ ఇంట్లో నేను లేను గదయ్యా," అంది. ఆయన పొలమారేట్టు నవ్వాడు. ఆయన తింటున్నాడని చూసి ఇంకొందరు వచ్చారు. సోమవారం వస్తే నాయన తెల్లచొక్కా వేసుకునేవాడు. అమ్మ చాటుగా నవ్వేది, "పెళ్ళికొడుకు తయారైనాడు," అని.

ఆ కాలంలోనే అవ్వలో చిన్న చిన్న మార్పులు వచ్చాయి. సావిడిలోంచి గోనెపట్టా బయటికి, ఎండలోకి మార్పించింది. కీళ్ళనొప్పులంది. బైబిలు తెరిచి ఒళ్ళో పెట్టుకునేది గానీ పేజీ తిప్పేది కాదు. అడిగితే, "నోటికొచ్చినదాన్ని కంటితో చూసేదేంది?" అనేది. ఉన్నట్టుండి నాకు పని నేర్పించడం మొదలుపెట్టింది. ఒక ఆకు ఎత్తి నా ముందు పెట్టి, "ఇందులో ఉండాదా లేదా చెప్పు," అని పరీక్ష పెట్టేది. నేను చూసి చెబితే, "ఆ, అదే, నీకు కన్ను కుదురుతుండాది," అని మెచ్చుకునేది. నాకెంత గర్వమో! తాను చూడలేక నన్ను అడుగుతోందని తట్టలేదు. వేళ్ళు మాత్రం ఆగేవి కావు. వెంట్రుకల గొంగళి అయితే వేలికి తగులుతుంది. నున్నటి పచ్చపురుగు వేలికి ఈనె లాగానే ఉంటుంది.

ఒక సోమవారం, ముందు రెండు మూడు రోజులు ముసురు పట్టి విడిచింది. నేను పరీక్ష ఉందని పొద్దున్నే వెళ్ళిపోయి, మధ్యాహ్నం వచ్చేసరికి పెద్దాయన భోంచేస్తున్నాడు. హోటలు నిండా జనం. చూస్తుండగానే ఆయన చెయ్యి ఆగింది. ఆకులోకి చూశాడు, తలెత్తి చుట్టూ చూశాడు. నాయన సాంబారు బకెట్టుతో అక్కడే నిలబడిపోయాడు. పెద్దాయన అన్నం ఇంకా సగం ఉండగానే అరిటాకు మడిచేశాడు. మజ్జిగ వద్దని చెయ్యి ఊపాడు. చెయ్యి కడుక్కుని, ఎప్పుడూ అనే "పోయొస్తానవ్వా" కూడా అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాయన ఆ ఆకును ఎవరినీ ముట్టుకోనివ్వకుండా సావిడిలోకి తెచ్చి విప్పాడు. పప్పులో తోటకూర, తోటకూర మీద తెల్లగా అది.

"నేను చూసినానే," అంది అవ్వ. "ఆకు ఆకూ చూసినానురా."

నాయన తల్లి మీద గొంతెత్తే మనిషి కాదు. ఆమె దగ్గరే కింద కూర్చున్నాడు. "నువ్వు చూసినావని నాకు తెల్దా అమ్మా? నీ చెయ్యి దాటి పురుగొచ్చిందంటే తోటే చెడిపోయుండాది. పెంచలయ్యతో నేను మాట్లాడతాను," అన్నాడు. అవ్వ ఏదో అనబోయింది. నోరు తెరిచింది కూడా. మళ్ళీ మూసుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

మర్నాడు పెంచలయ్య సైకిలు స్టాండు వేయకముందే నాయన ఎదురెళ్ళాడు. "ఏం పెంచలయ్యా, ఇంకొక్క పురుగు కనపడిందంటే నీ ఆకు నా గడప తొక్కొద్దు," అన్నాడు. ఆ మనిషి బిత్తరపోయాడు. "అన్నా, ముసురు పడితే పురుగు రాకుండా యాడికి పోతాది? అందురూ మందు కొడతా ఉండారు. అవ్వుండాదనే ధైర్యంతో నేను కొట్టకుండా తెస్తా ఉండా. ఏరే చెయ్యుంటే పురుగేం జేస్తాది?" అని అవ్వ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవ్వా, నా ఆకు నీకు తెల్దా?"

అవ్వ పట్టా మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎండ ఆమె ముఖం మీద పడుతోంది, కళ్ళు మూసుకోలేదు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తొంగి చూసింది. చివరికి అవ్వ, "మీ అన్న చెప్పినట్టు చెయ్యి అబ్బయా," అంది.

ఆ వారంలోనే తోటకూర మారిపోయింది. ఒక్క చిల్లి లేదు, ఒక్క మచ్చ లేదు. అమ్మ పొంగిపోయింది. పని సగం తగ్గింది. నాయన కట్ట ఎత్తి గిరాకీలకు చూపించేవాడు. అవ్వ మాత్రం కట్ట విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకుని దించేసేది. "మందు వాసన," అనేది. ఉప్పు నీళ్ళలో ఒకసారి, మంచినీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగేది. "పురుగు కూడా ముట్టని కూర మనం వడ్డిస్తా ఉండాం," అని గొణిగేది. పెంచలయ్య చేతులు పగిలి, గోళ్ళ చుట్టూ పచ్చగా అయ్యాయి. అతను వచ్చి వెళ్ళాక ఆకు వాసనా అతని వాసనా ఒకటే అయ్యేది. పెద్దాయన మాత్రం మళ్ళీ రాలేదు. సోమవారం మధ్యాహ్నం అవ్వ గుమ్మం వైపు చెవి పెట్టుకుని కూర్చునేది. "తిట్టి పోయినా బాగుండు. రెండు తిట్లు తిట్టి మళ్ళీ వచ్చేటోడు," అనేది.

తర్వాత ఒక పొద్దున సైకిలు రాలేదు. అమ్మ చూసి చూసి మార్కెట్టు ఆకు తెప్పించింది. పప్పు పోపు పెట్టే వేళకు చేజర్ల బస్సు దిగిన ఒకాయన చెప్పాడు. ముందురోజు పెంచలయ్య గాలికి ఎదురు నిలబడి మందు కొట్టాడట. పంపు కారుతూ వీపంతా తడిసినా, సాళ్ళు అయిపోవాలని దించలేదట. గట్టు మీద కూర్చుని కక్కుకున్నాడట. బండి కట్టి ఆత్మకూరు తెస్తుంటే దారిలోనే పోయాడు. మందు వల్లే అన్నారు కొందరు, ఎప్పటినుంచో ఆయాసముందిలే అన్నారు కొందరు. నాయన బకెట్టు కింద పెట్టి, బెంచీ మీద కూర్చుని, చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు.

అవ్వ తాను కూడా వస్తానని పట్టుపట్టింది. నాయన ముందే వెళ్ళాడు, ఆమెను బస్సులో తీసుకుపోయింది నేను. పెంచలయ్య ఇంటి గడప దగ్గర ఆమె కాలు తన్నుకుని ముందుకు పడబోయింది. పట్టుకున్నాను. లోపల అతని భార్య గోడకు ఆనుకుని, మాకు చెయ్యి చాచినంత దూరంలో కూర్చుని ఉంది. అవ్వ నా చెవి దగ్గర, "ఆమె యాడ కూర్చోనుండాదే?" అని అడిగింది. నేను అవ్వ ముఖంలోకి చూశాను. కంటిపాప మీద పాలమీగడ లాంటి పొర. రోజూ చూసే ముఖమే, అయినా అంతవరకు చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు తోట పక్కన ఆగమంది. వంగి, తడుముకుంటూ, ఒక తోటకూర మొక్క పట్టుకుంది. ఒక్కొక్క ఆకూ వెనక్కి తిప్పి వేలితో రాసింది. ఎక్కడా చిల్లి లేదు. "పురుగు ఆ అబ్బయ్య తోటది కాదే అమ్మణ్ణీ. నా కళ్ళది," అంది.

నాకు జాలికంటే ముందు కోపం వచ్చింది. ఇప్పుడైనా దాచను, ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఆరోజే చెప్పుంటే ఏం పోయేదవ్వా?" అని అరిచాను.

"చెప్తే? మూల కూర్చోబెట్టి కూడు పెడతారు. ఆకు లేకపోతే నాకేం పనుండాది ఆ ఇంట్లో? మీ నాయన నా చెయ్యిని నమ్మినాడు. వాని ముందర కళ్ళు లేనిదాన్నని ఎట్టా చెప్పేది?" కొంగు నోట్లో కుక్కుకుంది. "మీ నాయనకు చెప్పబాక. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది. వాడు తట్టుకోలేడు."

చెప్పలేదు. చెబితే తల్లిని పోగొట్టుకుంటాడు, చెప్పకపోతే పెంచలయ్య చావు తన మాట వల్లేనని కుములుతాడు. నాయన పోయేదాకా కుమిలాడు. పెంచలయ్య భార్యను తెచ్చి హోటల్లో పనికి పెట్టుకున్నాడు. అవ్వ ఇక పట్టా మీద కూర్చోలేదు. కళ్ళు కనపడటం లేదని తనంతట తానే అప్పుడు చెప్పింది, ఏదో ఆ వారమే మసక వచ్చినట్టు. అవ్వ స్థానంలో పెంచలయ్య భార్య కూర్చుని ఆకు ఏరుతుంటే, అవ్వ గోడవార మంచం మీద ఆ చప్పుడు వింటూ పడుకునేది. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు.

చివరి రోజుల్లో అవ్వ వేళ్ళు దుప్పటి మీద ఆడుతూ ఉండేవి. అందరూ ప్రాణం పోయేముందు అంతే అన్నారు. నాకు తెలుసు ఆమె ఏం చేస్తోందో. దుప్పటి అంచు ఎత్తి, వెనక్కి తిప్పి, బొటనవేలితో రాసి, పక్కన పెట్టి, మళ్ళీ ఎత్తేది. "కనపడిందా?" అని అడిగింది నన్ను. "ఆ, తీసేసినానవ్వా," అన్నాను. కాసేపు నెమ్మదించింది. తర్వాత స్పష్టంగా, ఎదుట మనిషిని చూస్తున్నట్టు, "అబ్బయ్యకు చెప్పు, మందు కొట్టబాకని," అంది. నేను చెబుతానన్నాను. ఎవరికి చెప్పేది?

ఆమె పోయాక కొన్నాళ్ళకు నేను ఉదయగిరి పోతుంటే, దుత్తలూరులో ఆ పెద్దాయన బస్సెక్కాడు. బాగా ముసలివాడయ్యాడు. నేనే పలకరించాను. "అవ్వ మనవరాలివా? ఏమ్మా, హోటలుండాదా?" అని సంబరపడ్డాడు. ఇన్నాళ్ళూ గొంతులో ఉన్న ప్రశ్న అడిగేశాను. ఆయనకు గుర్తు రావడానికే కాసేపు పట్టింది. "పురుగా? తోటకూరలో పురుగు రాక పులొస్తాదా? పక్కన నా కులపోళ్ళు కూర్చోనుండారు. వాళ్ళు చూస్తే మీకు మాటొస్తాదని ఆకు మడిచేసినా. కేసు నెల్లూరుకు మారె, ఇంక ఆత్మకూరులో నాకేం పనమ్మా?" అన్నాడు. కిటికీలోంచి కొండ కనపడుతోంది. ఆ సంగతి అవ్వకు చెప్పాల్సిన అవసరం తప్పినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు హోటల్లో పురుగు వస్తే ఆకు మడిచేవాళ్ళు లేరు, ఫోను తీసి లోకమంతటికీ చూపిస్తారు. చూపించనీ, తినే అన్నం కదా, తప్పనను. నెల్లూరు సంతలో కట్టలు అద్దంలా మెరుస్తుంటే అందరూ ముందు వాటినే ఏరుకుంటారు. నేను మాత్రం చిల్లులున్న కట్ట వెతుకుతాను. కూరగాయల ఆమె నాకు మతి లేదనుకుంటుంది. ఏ రెస్టారెంటులో నా ముందు నిగనిగలాడే ఆకు పెట్టినా, గోళ్ళ చుట్టూ పచ్చబారిన ఆ చేతులు కనపడతాయి, తినలేను.

అందుకే ఆ ఆదివారం నేను చెయ్యి కడుక్కోకుండానే మా అబ్బాయి గదిలోకి పోయాను. "మందు కొట్టబాక నాయనా," అన్నాను. ఎన్నో ఏళ్ళుగా నా నోట రాని మా ఊరి మాట అట్లాగే వచ్చింది. "తప్పు కుండీలది కాదు. నాకు కళ్ళు కనపడటం లేదు." అవ్వకు ఆ ఒక్క మాట ఎంత బరువైందో అప్పుడు తెలిసింది, అప్పటిదాకా ఉన్న కోపం కూడా అప్పుడే పోయింది. వాడు లేచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఎప్పట్నుంచమ్మా?" అన్నాడు. నాకు షుగరుంది, షుగరు ఉన్నవాళ్ళకు శుక్లాలు తొందరగా వస్తాయట. ఆపరేషను చేశారు.

నిన్న పొద్దున మిద్దె ఎక్కాను. పాలకూర మళ్ళీ చిగురించింది. కింద కూర్చుని ఒక ఆకు వెనక్కి తిప్పాను. ఈనె వెంట సాగిలపడి, ఈనెకంటే పచ్చగా, బతికున్న పురుగు మెల్లగా తల ఎత్తింది.

"కనపడిందవ్వా," అన్నాను పైకే.